నుదుటి మీద మనసు కనబడే ఊరు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది బి.ఏ. పూర్తిచేసి మట్టెవాడకు తిరిగి వచ్చాను. నా చదువు వల్ల మా గింజల దుకాణానికి చెప్పుకోదగ్గ నష్టమేమీ జరగలేదు. నేను గద్దె మీద కూర్చుని కథ ఆలోచిస్తుంటే నాయిన వ్యాపారం చేసుకునేవాడు.

కథలో ఒక ఊరు. అక్కడ ఎవరేమనుకున్నా అది నుదుటి మీద కనబడిపోతుంది. అబద్ధమాడటం వీలేకాని చోట నిజం చెప్పడం గొప్పేనా? అదీ నా ప్రశ్న. మా వీధి గ్రంథాలయంలో ఆదివారం సభలో చదవాలని నా పట్టు. గ్రంథాలయం నడిపే పంతులుగారు మాత్రం చివర నీతి ఉంటేనే చదవనిస్తానన్నారు. ఎప్పుడూ నిజమే చెప్పాలని ఒక్క ముక్క రాస్తే ఆయనకు చాలు. రాస్తే నా ప్రశ్నకు నేనే తాళం వేసినట్టు. రాయనన్నాను.

ముందు నాయినకు వినిపించాను. మా బజారులో ధర నోటితో చెప్పరు. రుమాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి తేల్చుకుంటారు.

"ఆ ఊర్ల బేరం ఎట్ల నడుస్తదిరా?"

"నడువది నాయినా."

"నడువకుంటె జనం ఊకుంటరా? తలరుమాలు కండ్ల దాక దించి కట్టుకుంటరు."

నా తత్త్వశాస్త్రం సాయంత్రం దాకా కోలుకోలేదు. కోలుకున్నాక కథ మార్చాను. ఊరంతా నుదుళ్లు కప్పుకుంది. ఇప్పుడు రుమాలు ముందు ఎవరు విప్పాలి? కథ అక్కడే ఆపాను.

ఆదివారం పంతులుగారు గుమ్మంలోనే పట్టుకున్నారు. "నీతి రాసినవా?"

"లేదండి. చదవొద్దంటే ఇంటికి పోతాను. రాయను."

ఆయన గుమ్మంలోంచి పక్కకు జరిగారు. "మొండోనివి. సరే, సదువు. నీతి నేనె చెప్త."

చదివాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అయిపోయిందని తెలియలేదనుకుంటాను. ముందు వరుసలోని బట్టల వ్యాపారి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మేటోడు ముందుగాల ఇప్పాలె."

"గదేంది? కొనేటోడు ఇప్పద్దా?" అన్నాడు పక్కాయన.

"మీ ఇంట్ల నువ్వు ఇప్పు కాకా, చూస్తం," అని వెనక నుంచి ఎవరో అన్నారు. సభంతా నవ్వింది.

"నేనైతె ఇప్పనె ఇప్ప," అన్నాడు నాయిన. దుకాణం మూసి వచ్చాడని నాకప్పుడే తెలిసింది.

పంతులుగారు నీతి చెప్పడానికి లేచారు.

"జర ఆగు పంతులూ, ఈ ముచ్చట తేలనీ," అన్నాడు బట్టల వ్యాపారి.

పంతులుగారు నిలబడే విన్నారు. చివరికి ఉండబట్టలేక, "అట్ల గాదయ్యా, ఇద్దరు ఒక్కసారె ఇప్పితె?" అన్నారు.

దాంతో గొడవ ఇంకా పెరిగింది. నీతి సంగతి ఆయన మరిచిపోయారు. నేను గుర్తు చేయలేదు.