ఏడో నవలలో లేని అక్క

ఫాంగ్ షుయ్‌గెన్ నవలలు చదివి, వాటిలో తిట్లు తిన్న అధికారులే పడీపడీ నవ్వేవారు. చైనాలోని కైఫెంగ్‌లో ఒకే పత్రికలో పక్కపక్క బల్లల మీద పనిచేశాం కాబట్టి అతని కిటుకు నాకు తెలుసు. ప్రతి నవలలోనూ ఒక అధ్యాయం సెన్సారు కోత కోసమే రాసేవాడు. పార్టీ కార్యదర్శి తన విగ్రహానికి జలుబు చేసిందని వైద్యుణ్ణి పిలిపించడం, అలాంటివి. సంపాదకుడు మియావ్ దాన్ని ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసి, పని చేశానని పైవాళ్లకు చూపేవాడు. మిగతాది బతికిపోయేది.

ఒక్క మనిషి తప్ప. ఫాంగ్ అక్క షుయ్‌లియన్, ఎవరూ రాయకూడని ఆ కరువు ఏడాదిలో, పదకొండేళ్లకే ఆకలితో చనిపోయింది. సమాధి లేదు, ఏ కాగితంలోనూ పేరు లేదు. ఒక్కసారి ఆమె అచ్చులో కనిపించాలని ఫాంగ్ కోరిక. ఆరు నవలల్లోనూ ఆమెను వేరే పేర్లతో దాచాడు. ఆరుసార్లూ మియావ్ పట్టుకుని కొట్టేశాడు.

"ఆ ఏడాది జోలికి పోకురా. మీ అక్కతోపాటు నేనూ పోతాను," అనేవాడు.

ఏడో నవల నాటికి మియావ్ రిటైర్మెంటుకు మూడు నెలలుంది. అక్క ఉన్న పేజీలు ఫాంగ్ తనే తీసేసి మిగతాది పంపాడు. "చివర్లో వాడి పెన్షన్ మీదికి తేవడం దేనికి?" అన్నాడు నాతో.

పుస్తకం అచ్చయ్యాక మియావ్ సారా సీసాతో వచ్చాడు. ముగ్గురం కూర్చున్నాం.

"విగ్రహాన్ని కొట్టేశాను, పైవాళ్లకు అది చాలు," అన్నాడు. "ఎలాగూ ఉద్యోగంలోంచి పోయేవాణ్ణే, ఈసారి మీ అక్కను ముట్టుకోకూడదనుకున్నా. తీరా మూడుసార్లు చదివినా కనిపించలేదు. ఎక్కడ దాచావురా దొంగా?"

ఫాంగ్ మియావ్ గ్లాసు నింపాడు.

"ఉందిలే," అన్నాడు.

"అయితే నా కళ్లుగప్పావన్నమాట." మియావ్ సంతోషంగా తాగాడు.

మియావ్ రిటైరయ్యాక ఫాంగ్ తను తీసేసిన పేజీలను కొత్త సంపాదకుడికి పంపాడు. అతను వాటిని ఉత్తరం ముక్కయినా లేకుండా తిప్పి పంపాడు. ఆ తర్వాత ఫాంగ్ ఏమీ రాయలేదు. అక్క కలలోకి వస్తోందని, ముఖం ఉండాల్సిన చోట ఎర్ర గీతలే కనిపిస్తున్నాయని ఒకసారి చెప్పాడు.

మియావ్ ఇంకా ఆ పుస్తకం చదువుతూనే ఉన్నాడు. మొన్న నేను ఫాంగ్ ఇంట్లో ఉండగానే ఫోన్ చేశాడు.

"రేవులో బాతుగుడ్లు అమ్మే పిల్ల ఉంది చూడు, ఆమేనా?"

"కాదు."

"చెప్పొద్దు, చెప్పొద్దు. నేనే పట్టుకుంటా."

"సరే, వెతుకు," అన్నాడు ఫాంగ్.