పూతకు రాని సాళ్ళు

బాటనీ సార్ పోయారన్న కబురు నాకు మధ్యాహ్నం పూట, వికారాబాద్‌లో మా కాలేజీ స్టాఫ్ రూమ్‌లో, టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా వచ్చింది. తాండూరులో నాతో ఇంటర్ చదివిన స్నేహితురాలు ఫోన్ చేసి, "సార్ పొద్దున పోయిండే, దవాఖానలనే" అని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. ఉన్నమాట చెబుతున్నాను, ముందు నాకు కలిగింది తేలిక. ఇక నన్ను ఆ మాట అడిగేవాళ్ళు లేరు అనుకున్నాను. మరుక్షణం నా మీద నాకే రోత పుట్టింది. తినకుండానే డబ్బా మూత మళ్ళీ పెట్టేశాను.

సార్ గురించి నాలుగు మంచి మాటలు రాయమని పాత విద్యార్థులు అడిగారు. మంచి మాటలకేం, కావలసినన్ని ఉన్నాయి. కానీ ఆయన నన్ను ఎనిమిదేళ్ళపాటు అడిగిన ఒక్క ప్రశ్నను దాచిపెట్టి మిగతావన్నీ రాస్తే, అది ఆయన గురించి రాసినట్టు కాదు.

సార్ పొట్టి మనిషి. సుద్దముక్కను చేతిలోకి తీసుకోగానే రెండుగా విరిచి, సగం చొక్కా జేబులో వేసుకునేవారు. ఆ జేబు ఎప్పుడూ తెల్లగానే ఉండేది. మేం సరైన జవాబు చెబితే "శభాష్" అనరు. "అయితే?" అంటారు. తప్పు చెప్పినవాళ్ళకు నయం, కూర్చోమనేవారు. ఒప్పు చెప్పినవాళ్ళే ఇరుక్కునేవారు.

జన్యువుల పాఠం మొదలుపెట్టిన రోజు ఆయన మాకు ఒకే ఒక్క సంగతి చెప్పారు. "మీ ఒంట్ల ఏ కణం దీసుకున్నా దాంట్ల మొత్తం రాత ఉంటది. కంటి కణంల గోరు రాత గూడ ఉన్నది. మరి కంట్ల గోరెందుకు మొలుస్తలేదు?" అని అడిగి, జవాబు చెప్పకుండా వెళ్ళిపోయారు. నేను రెండు రోజులు పొద్దున లేవగానే కళ్ళు తడుముకున్నాను. నవ్వుకోండి, ఫరవాలేదు.

మూడో రోజు వచ్చి, హాజరు పట్టీని కుర్చీ మీద పెట్టి దాని మీద కూర్చున్నారు. "ఇగ హాజరు తియ్యండ్రి" అన్నారు. మేం మొహాలు చూసుకున్నాం.

"పేర్లున్నయా లేవా?"

"ఉన్నయ్ సార్."

"ఎవరన్న కొట్టేసిండ్రా?"

"లేదు సార్."

"మరెందుకు చదువుతలేరు?"

"మీరు కూసున్నరు గద సార్!"

క్లాసంతా నవ్వింది. అంతలో అటెండర్ టీ గ్లాసుతో వచ్చాడు. సార్ గ్లాసు అందుకోవడానికి లేచి, "గిప్పుడు చదువుండ్రి, జల్ది!" అన్నారు. నేను పరుగెత్తి పట్టీ తీసి మూడు పేర్లు చదివేలోపు ఆయన టీ తాగేసి మళ్ళీ కూర్చోబోయారు. జన్యువు మీద కూడా ఒక ప్రోటీన్ ఇలాగే కూర్చుంటుందని, రాత అంతా ఉన్నా కణం చదవలేదని, అవసరమైనప్పుడు ఏదో ఒక చిన్న అణువు వచ్చి దాన్ని లేపుతుందని, అప్పుడే కణం ఆ రాతను చదివి తనకు కావలసింది తయారు చేసుకుంటుందని చెప్పారు. "రాత లేక కాదు బిడ్డా. లేపెటోళ్ళు రాక" అన్నారు.

ఆ వారమే ఒక కంది కొమ్మ తెచ్చారు. తాండూరు పిల్లలకు కంది చూపించడమేమిటని వెనక బెంచీలో ఎవరో నవ్వారు. సార్ పట్టించుకోలేదు. కంది ఆకు చీకటిని కొలుస్తుందన్నారు. పొద్దు తగ్గి, తెంపు లేని పొడుగాటి చీకటి దొరికిన రోజుల్లోనే ఆకులో పూతకు సంబంధించిన జన్యువు తెరుచుకుంటుంది. ఆకులో తయారైన చిన్న ప్రోటీన్ కాడ గుండా కొసకు పోయి, ఇక పూయమని చెబుతుంది. "నడుమ దీపం వడ్డదనుకో, ఆకుకు చీకటి చాలలేదన్న లెక్కనే. ఎంత ఎరువేసినా ఏపుగ పెరుగుతది గని పువ్వు రాదు" అన్నారు. నేను దాన్ని నోట్సులో రాసుకుని కింద గీత కూడా గీశాను.

ఇక్కడ మా చేను గురించి చెప్పాలి. మా ఊరు ధారూర్‌కూ తాండూరుకూ మధ్య, రోడ్డుకు అర కిలోమీటరు లోపల ఉంటుంది. నేను బస్సు దిగే మలుపు పక్కనే మా కంది చేను. చలికాలంలో కాలేజీ నుంచి వచ్చేసరికి చీకటి పడేది. మా వాడకట్టులో నాకంటే పెద్దమ్మాయి ఆ మలుపుకు భయపడే పదో తరగతితో చదువు మానేసింది. మా నాన్న కూడా, "మలుపు కాడ లైటు వడితేనే కాలేజి. లేకుంటే బంద్" అన్నాడు. అన్నవాడే నాలుగు నెలలు పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరిగి, నా రెండో సంవత్సరం మొదలయ్యేసరికి లైటు వేయించాడు. పొద్దు గుంకగానే వెలిగి, తెల్లారేదాకా వెలిగేది. బస్సు దిగి దాని కింద నిలబడితే నాకు ధైర్యంగా ఉండేది. నా చదువు నిలిచింది ఆ స్తంభం మీదే.

ఆ ఎండాకాలంలో ఎప్పటిలాగే మా చేనులో గొర్ల తాత మంద పెట్టాడు. మంద పెట్టడమంటే రాత్రుళ్ళు గొర్రెలను చేనులో నిలపడం. వాటి పెంట, మూత్రం నేలకు బలం. రోడ్డు వైపు నేలలో సారం తక్కువ కాబట్టి అక్కడ నాలుగు రోజులు ఎక్కువ నిలపమని నాన్నే చెప్పాడు. గొర్ల తాత మాకు బంధువు కాదు. నా చిన్నప్పుడు వానలో తడుస్తుంటే తన గొంగడి కప్పి ఇంటికి తెచ్చి దింపిన మనిషి.

కార్తీకం వచ్చింది. ఒక ఆదివారం నాన్నకు సద్ది తీసుకుని చేనుకు పోయాను. చేనంతా పసుపుపచ్చగా పూసింది, రోడ్డు వైపు సాళ్ళు తప్ప. ఆ సాళ్ళు మనిషెత్తు పెరిగి, నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒక్క పువ్వు లేదు. పూసిన చోటికీ పూయని చోటికీ మధ్య స్తంభం చుట్టూ గిరి గీసినట్టు సగం గుండ్రం కనిపించింది. చూసిన వెంటనే నాకు తెలిసిపోయింది. ఎగిరి గంతేయాలన్నంత సంతోషమైంది కూడా.

అప్పుడు నాన్న మొహం చూశాను. ఎదురుగా గొర్ల తాత కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్క చేన్ల వాళ్ళు ఇద్దరు గట్టు మీద ఉన్నారు.

"గిదేందయ్యా? మంద వెట్టినకాడనే గిట్లెందుకైంది?" అంటున్నాడు నాన్న.

"నువ్వు నిలపమన్నన్ని దినాలే నిలిపిన పటేలా. ఎరువెక్కువైతే ఆకు వెరుగుతదేమో గని, పువ్వే రాకపోవుడు నేనెన్నడు జూడలే."

"మంద వెట్టినవా, శని వెట్టినవా?"

గట్టు మీదివాళ్ళలో ఒకాయన, "ఇగ మా చేన్ల గూడ నీ మంద వద్దు" అన్నాడు. తాత వాళ్ళను వదిలి నా వైపు తిరిగాడు.

"నువ్వు సదువుతున్నవ్ గద బిడ్డా. నువ్వన్న జెప్పు. గొర్ల వల్ల గిట్లయితదా?"

లైటు వల్ల అంటే లైటు తీసేస్తారు. లైటు తీసేస్తే నా చదువు ఆగిపోతుంది. ఇది నేను ఆలోచించుకున్నట్టు కూడా గుర్తులేదు. నోరే చెప్పేసింది.

"నాకు తెల్వదు తాతా."

ఆయన తల ఊపి, కర్రను చెయ్యి మార్చుకుని వెళ్ళిపోయాడు. తరవాతి ఎండాకాలం మా ఊళ్ళో ఆయన్ను ఎవరూ మందకు పిలవలేదు. బొంరాస్‌పేట వైపు నుంచి వేరే మందలు వచ్చాయి. వానలకు ముందే ఆయన గొర్రెలన్నీ అమ్మేసి, భార్యను తీసుకుని తాండూరులో నాపరాళ్ళు కోసే బండల మిషన్ దగ్గర పనికి పోయాడని అమ్మ చెప్పింది.

సార్‌కు నేను చెప్పింది పరీక్షల ముందు. అది కూడా తప్పు ఒప్పుకోవడానికి కాదు, గొప్పకు. పుస్తకంలోది చేనులో చూశానని చెప్పి మెప్పు పొందుదామనుకున్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. బల్ల మీద సుద్దతో సగం గుండ్రం గీసి, స్తంభం ఎక్కడ, ఎన్ని సాళ్ళు అని అడిగారు. ఆ తరవాత, "అయితే? నాయిన ఏమన్నడు?" అన్నారు. అప్పుడు మొత్తం చెప్పాల్సి వచ్చింది.

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు అక్కడితో తీరిపోయేది. సుద్ద చెరుపుతూ, "తెలిసిందా లేదా అని నేను పరీక్షల అడుగుత. తెలిసినంక ఏం జేసినవని అడిగెటందుకు నా కాడ పరీక్ష లేదు" అన్నారు. ఆ తరవాతి ఆదివారం నూనె డబ్బా రేకు కత్తిరించి, వంచి, సంచిలో పెట్టుకుని బస్సులో మా ఊరికి వచ్చారు. ఆ రేకును లైటుకు చేను వైపు అడ్డం కట్టించారు. రోడ్డు మీద వెలుగు రోడ్డు మీదే ఉంది, చేనులో చీకటి చేనుకు దక్కింది. ఇంత చిన్న పని అది. మరుసటి ఏడు ఆ సాళ్ళన్నీ పూశాయి. నాన్న గట్టు మీద చాలాసేపు నిలబడి చూసి, "జరిగిందేదో జరిగిపాయె" అన్నాడు. గొర్ల తాత పేరు మా ఇంట్లో మళ్ళీ ఎత్తలేదు.

సార్ ఎత్తారు. ప్రతి ఏడూ గురుపూజ రోజున నేను ఫోన్ చేస్తే, ముందు ఆరోగ్యం, తరవాత ఉద్యోగం, చివరికి, "తాతకు జెప్పినవా?"

"లేదు సార్. వచ్చే ఎండాకాలం పోత."

"సరే" అనేవారు. దెప్పిపొడుపు ఉండేది కాదు. ఆ ఒట్టి "సరే"ను తట్టుకోలేక ఒక ఏడాది ఫోన్ చేయడం మానేశాను. ఆయనే చేశారు.

పోయిన కార్తీకంలో వికారాబాద్ దవాఖానలో ఉన్నారని తెలిసి చూడబోయాను. ముక్కుకు గొట్టం ఉంది. మాటకు మాటకు మధ్య ఊపిరి తీసుకుంటున్నారు. ప్రశ్న వస్తుందని మంచం పక్కన బిగుసుకుని కూర్చున్నాను. రాలేదు. "రోడ్డెంట కంది పూతకొచ్చిందా?" అని మాత్రం అడిగారు. వచ్చిందన్నాను. కళ్ళు మూసుకున్నారు. నన్ను వదిలేశారా, నా మీద ఆశ వదులుకున్నారా? అప్పటినుంచి నన్ను తినేస్తున్నది అదే. ఆయన పోయాక తేలిక అనుకున్నానే, అది సాయంత్రం దాకా కూడా నిలవలేదు. బోర్డు మీద జన్యువు బొమ్మ గీస్తుంటే వెనక బెంచీ నుంచి ఆయన గొంతు వినపడుతుంది. రైలు ధారూర్ దాటగానే నా కళ్ళు చేన్లలో పచ్చటి ముక్కల కోసం వెతుకుతాయి. బతికున్నప్పుడు ఏడాదికోసారి అడిగిన మనిషి ఇప్పుడు పూటపూటకూ అడుగుతున్నారు.

పదకొండో రోజున తాండూరు, సార్ ఇంటికి పోయాను. వచ్చినవాళ్ళంతా భోజనాలకు లేచాక సార్ భార్య, మా మేడం, నన్ను పక్కకు పిలిచి, "నెలకోపారి సార్ బండల మిషన్ కాడికి పోయేది బిడ్డా. ఎవరో ముసలాయన కాడ కూసోని వచ్చేది. ఆయనకు కబురు జేసెటోళ్ళు లేరు. జర నువ్వు పోతవా?" అంది. ఏ ముసలాయన అని నేను అడగలేదు. ఆ మిషన్ ఎక్కడో మాత్రం అడిగాను.

రేకుల షెడ్డులో బండ మీద మిషన్ తిరుగుతోంది. దుమ్ము లేవకుండా నీళ్ళు పారిస్తున్నారు. అయినా అందరి కనుబొమ్మలూ తెల్లగానే ఉన్నాయి. తాత ఓ పక్కన కూర్చుని పగిలిన ముక్కలు ఏరుతున్నాడు. చెవుల మీదుగా రుమాలు చుట్టుకున్నాడు. నన్ను చూసి, "పటేలు బిడ్డవు గద" అన్నాడు. సార్ పోయారని చెప్పాను. "గిన్ని దినాలు రాకపోతే అనుకున్న" అన్నాడు.

"తాతా, ఆ యేడు మా చేను పూయకపోవుడు నీ గొర్ల వల్ల గాదు. లైటు వల్ల."

"సారు జెప్పిండు. మస్తు సార్లు జెప్పిండు. నేను నమ్మలే." చేతిలోని రాతిముక్క పక్కన పెట్టాడు. "మంచోడాయన. నా పాణం నొవ్వద్దని అట్ల జెప్తుండనుకున్న. మాటన్న ఇంటోళ్ళే గాదంటే గద బిడ్డా నమ్మేది. మీ నాయిన రాలే, నువ్వు రాలే. మా ముసల్ది గూడ గట్లనే పాయె, మన మందల శని ఉండెనా అనుకుంటనే."

సార్ ప్రతి ఏడూ నన్నే ఎందుకు అడిగారో అప్పుడు తెలిసింది. తాను చెప్పి చూశారు. తన మాట సరిపోలేదు.

"నువ్వడిగినప్పుడే నాకు తెలుసు తాతా" అన్నాను. "తెలిసే తెల్వదన్న. లైటు తీస్తే నా సదువు బందయితదని."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను, రావాలని కూడా అనుకున్నాను. ఆయన మెల్లగా లేచి, మిషన్ మీదున్న మనిషికి చెయ్యి ఊపాడు. చప్పుడు ఆగిపోయింది. పనిలో ఉన్న నలుగురూ ఇటు తిరిగారు.

"ఇగో, మా ఊరి పటేలు బిడ్డ. సదువులు జెప్తది" అన్నాడు వాళ్ళతో. నాతో, "ఇప్పుడు జెప్పు. అందరు ఇనేటట్టు జెప్పు" అన్నాడు.

చెప్పాను. ఆపకుండా మొత్తం చెప్పాను.

మిషన్ ఆగినా బండ మీద నీళ్ళు పారుతూనే ఉన్నాయి. తాత చెవి మీది రుమాలు విప్పి చేతిలో పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ చెవి నా వైపు పెట్టి నిలబడ్డాడు.

"ఇంకోపారి జెప్పు" అన్నాడు.