నేను దాటేసిన వాక్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో హిందీ చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. నాన్న పెళ్ళికి ముందే శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి వచ్చాడు. పన్నెండేళ్ళున్నా హిందీ మాటలు పట్టుబడ్డాయి గాని అక్షరాలు పట్టుబడలేదు. అమ్మ హిందీ కూరగాయల బేరం దగ్గర ఆగిపోయింది. నేను భిలాయిలోని మరోదా బస్తీలో పుట్టి అక్కడి బడిలోనే చదువుతున్నాను కాబట్టి కరెంటు బిల్లు వచ్చినా, రేషన్ కార్డు వచ్చినా నా ముందుకే వచ్చేది. బయట నేను నోరు విప్పని పిల్లని. ఎవరైనా పేరడిగితే అమ్మ వెనక్కి పోయేదాన్ని. కాగితం చేతికిస్తే మాత్రం నా గొంతు పెద్దదయ్యేది. నేను చదివి తెలుగులో ఏం చెప్తే ఆ ఇంట్లో అదే నిజం.

నాన్న ఉక్కు ప్లాంటులో ఒక కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు. ముడిఖనిజాన్ని మోసుకెళ్ళే పొడవాటి రబ్బరు బెల్టు నుంచి కింద రాలినదాన్ని పారతో ఎత్తి మళ్ళీ బెల్టు మీద వేయడం ఆయన పని. ఆ పనిలో పెట్టింది మేస్త్రి. ఆయనదీ నాన్నదీ ఒకటే ఊరు. ఊరి నుంచి మనుషుల్ని తేవడం, హాజరు వేయడం, గేటు పాసులు ఇప్పించడం అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. ఆదివారం మేము వెళ్ళే తెలుగు చర్చిలో ముందు వరుసలో కూర్చునేవాడు. నేను పెదనాన్నా అని పిలిచేదాన్ని. ఇంటికొస్తే నా నెత్తి మీద చెయ్యి వేయకుండా వెళ్ళేవాడు కాదు.

నాకు పదేళ్ళు నిండిన ఏడు, వానాకాలంలో, పొద్దుటి షిఫ్టులో నాన్న కుడిచెయ్యి బెల్టుకూ దాని కింద తిరిగే రోలరుకూ మధ్య పడింది. లాగితే బెల్టు ఆగిపోవాల్సిన తాడు ఆ చోట తెగి చాలా రోజులైందట. ఎవరో పరుగెత్తి వెళ్ళి ఆపించేసరికి జరగాల్సింది జరిగింది. ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. మిగిలినవి ఉన్నా పట్టు ఉండదన్నారు. ఇంటికి వచ్చాక నాన్న ఆ తెల్లటి కట్టును ఒళ్ళో పెట్టుకుని, అది తనది కానట్టు చూస్తూ కూర్చునేవాడు.

మేస్త్రి రోజూ వచ్చాడు. పళ్ళు తెచ్చాడు. నాన్నతో మాట్లాడుతున్నంతసేపూ ఆయన కళ్ళు గూట్లో ఉన్న డబ్బాల మీద, ట్రంకుపెట్టె మీద, నాన్న దిండు అంచు మీద తిరుగుతూ ఉండేవి. ఆసుపత్రిలో మొదటి రోజు ఇచ్చిన చీటీ ఎక్కడుందని రెండుసార్లు అడిగాడు. ఎక్కడో పెట్టానంది అమ్మ. ఏ వస్తువు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి అలా అనడం నాకు వింతగా తోచింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. మావాళ్ళలో ఎవరికైనా కష్టం వస్తే చర్చి నుంచి పది మంది వచ్చి చాపల మీద కూర్చుని, పాటలు పాడి, ప్రార్థించి, టీ తాగి వెళ్తారు. బయట వాన కురిసి కురిసి ఆగింది. చివరి ఆమెన్ అన్నాక, ఎవరూ ఇంకా లేవకముందే, మేస్త్రి చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"తమ్ముడూ, ఆఫీసోళ్ళు ఇది అడుగుతున్నారు. దీనిమీద నీ ఏలిముద్ర పడితే నీ మందుల సంగతి నాను మాటాడతాను. బస్, అంతే."

"ఏటి రాసుందన్నా అందులో?"

"ఏటుంటాది. నీ పేరు, నీ దెబ్బ. నామీద నమ్మకం లేదా, నీ ఆడగుంట ఉంది కదా, సదివించుకో. కలెక్టరమ్మ కదా అది."

అందరూ నవ్వారు. నేను సిగ్గుపడుతూనే వచ్చి కాగితం అందుకున్నాను. నాన్న పేరు, తాతయ్య పేరు, మా బస్తీ పేరు గట్టిగా చదివాను. ఆ కింద ఇలా ఉంది: 'నేను నా ఇంటి మెట్ల మీద నుంచి జారిపడటం వల్ల నా కుడిచేతికి గాయమైంది. నేను చేసే పనికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.'

కఠినమైన హిందీ, చిన్నదాన్ని, అర్థం కాలేదు అని తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకుని చూశాను. అది నిజం కాదు. ప్రతి మాటా అర్థమైంది. మెట్లు అనే మాట రెండో తరగతి పాఠంలోనే ఉంది.

తలెత్తితే మేస్త్రి నన్నే చూస్తున్నాడు. పెదవులు నవ్వుతున్నాయి. ముందుకు వంగి నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. ఎప్పుడూ పెట్టే చెయ్యే. ఆ రోజు తీయలేదు.

"ఆగిపోయావేటమ్మా. సదువు."

చాపల మీద పది మంది టీ కోసం ఎదురుచూస్తున్నారు. ఈ వాక్యం పైకి చదివితే ఈ గదిలో ఏదో అవుతుంది, దానికి కారణం నేనవుతాను అనిపించింది. పెద్దవాళ్ళకు తెలిసే ఉంటుందిలే అనుకున్నాను. చూపు కింది వరుసకు దించాను. "నా కుడిచేతికి గాయమైంది. నాకు ఎవరి మీదా ఏ ఫిర్యాదూ లేదు," అని చదివేశాను.

నాన్న తల ఊపాడు. "ఫిర్యాదులెందుకన్నా, ఎవురు కావాలని సేస్తారు," అన్నాడు. సిరా పెట్టె కూడా మేస్త్రి జేబులోనే ఉంది. నాన్న ఎడమ బొటనవేలిని తానే పట్టుకుని అద్దించాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి అమ్మతో, "రేపు సాయంత్రం వస్తాను. ఆ ఆసుపత్రి సీటీ ఎతికి ఉంచమ్మా, రెండూ కలిపి ఇవ్వాల," అన్నాడు.

నాకు అప్పటికే ఒక నోటుపుస్తకం ఉండేది. నోటితో చెప్పలేనివన్నీ అందులో రాసుకునేదాన్ని. ఆ సాయంత్రం ఆ వాక్యాన్ని అచ్చం కాగితంలో ఉన్నట్టే హిందీలో రాశాను. రాస్తే బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. రైల్వేలో పనిచేసి రిటైరైన తెలుగువాళ్ళ అమ్మాయి. బస్తీ పిల్లలందరం దీదీ అనేవాళ్ళం. రోజూ పక్కనున్న దుర్గ్ వెళ్ళి, పనిలో దెబ్బలు తగిలినవాళ్ళ కేసులు చూసే ఒక వకీలు దగ్గర కాగితాలు టైపు చేసేది. మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర ఆమె బకెట్ నింపుకుంటుంటే వెళ్ళి నిలబడ్డాను. నోటుపుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాను.

దీదీ చదివింది. బకెట్ నిండి నీళ్ళు పొర్లుతున్నా కుళాయి కట్టేయలేదు.

"ఇది చూసి రాశావా, ఊహించుకుని రాశావా?"

"చూసి."

"నాన్నకి చదివావా?"

తల అడ్డంగా ఊపాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "చలో," అని నా చెయ్యి పట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చింది. నన్ను నాన్నకు ఎదురుగా కూర్చోబెట్టి, నోటుపుస్తకం నా ఒళ్ళో పెట్టి, "ప్రతి మాట కిందా వేలు పెట్టి చదువు. వేలు ఎత్తితే మళ్ళీ మొదటి నుంచి," అంది.

మొదటిసారి ఇల్లు అనే మాట దాకా వచ్చి ఎత్తేశాను. రెండోసారీ అక్కడే. దీదీ నా వేలును మళ్ళీ మొదటి మాట కింద పెట్టింది. మూడోసారి కళ్ళనీళ్ళలో అక్షరాలు కలిసిపోతున్నా చివరిదాకా చదివి, తెలుగులో చెప్పాను.

నాన్న గుమ్మం వైపు చూశాడు. మా ఇల్లు నేలకు సమంగా ఉండేది. గట్టి వాన పడితే నీళ్ళు లోపలికే వచ్చేవి.

"మనింటికి మెట్లెక్కడున్నాయే," అన్నాడు.

తర్వాత నావైపు చూడకుండానే, "నువ్వు సదివినావనే ముద్రేశాను," అన్నాడు. కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

దీదీ నేలమీదే కూర్చుని అమ్మకూ నాన్నకూ విడమరిచి చెప్పింది. పనిలో దెబ్బ తగిలినవాడికి నష్టపరిహారం ఇవ్వడం దయ కాదు, చట్టం. నాకు పరిహారం వద్దని కార్మికుడు రాసిచ్చినా చట్టం ఆ రాతను ఒప్పుకోదు. కానీ దెబ్బ ఇంట్లో తగిలిందని అతనే అంటే, అడగడానికి మూలమే పోతుంది. ఆ కాగితంలో మిగతాదంతా అలంకారం, కాంట్రాక్టరుకు కావాల్సింది ఆ ఒక్క వాక్యమే. "అంకుల్, ఆసుపత్రి చీటీ ఇచ్చేశారా?" అని అడిగింది.

అమ్మ లేచి బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ప్లాస్టిక్ కవరు తీసింది. "ఆడి సూపు నాకు మొదట్నుంచీ నచ్చలేదు," అంది.

చీటీ ఇంగ్లీషులో ఉంది. దీదీ దాన్ని కూడా వేలు పెట్టే చదివింది. ప్లాంటులో బెల్టులో పడి చెయ్యి నలిగిందని డాక్టరు రాశాడు. అడుగున, తీసుకొచ్చినవారు అన్నచోట మేస్త్రి పేరు, ఆయన సంతకం ఉన్నాయి. ఆ రోజు నాన్నను ఆసుపత్రికి చేర్చింది ఆయనే మరి. వారం రోజులుగా ఆయన కళ్ళు మా గదంతా దేనికోసం తిరిగాయో అప్పుడు అర్థమైంది.

దీదీ ఆ చీటీ వెంటనే దుర్గ్ తీసుకెళ్ళి వకీలుకు చూపించింది. కాగితంలో ఏముందో తెలియకుండా వేలిముద్ర వేశానని, దెబ్బ ఫలానా చోట తగిలిందని కార్మిక అధికారికి అర్జీ రాయించుకొచ్చింది. నాన్న ముద్ర వేసేముందు నాచేతే చదివించింది. రెండుసార్లు.

సాయంత్రం మేస్త్రి వచ్చాడు. "సీటీ తీసావా అమ్మా?"

గుమ్మంలో కూర్చున్న దీదీ లేవలేదు. "చీటీ వకీలు సాహబ్ దగ్గరుంది అన్నయ్యా. మీ సంతకం కూడా ఉంది కదా దానిమీద, చూసి చాలా సంతోషించారు."

మేస్త్రి నావైపు తిరిగాడు. "అయితే సదివేవన్నమాట," అన్నాడు, మెత్తగా. నాన్నతో, "తమ్ముడూ, ఎడం సెయ్యి బాగుంది కదా. జాగర్త," అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత చాలా రోజులు ఆయన మోటారుసైకిలు మా వీధి మొదట్లో ఆగి ఉండేది. ఆయన దానిమీద కూర్చుని ఉండేవాడు. పలకరించేవాడు కాదు, కదిలేవాడు కాదు. నాన్నతో పనిచేసినవాళ్ళు చూపు కలపడం మానేశారు. వాళ్ళ గేటు పాసులూ మేస్త్రి దగ్గరే ఉన్నాయి. ప్రార్థన కూడిక అని అమ్మ ఇంకోసారి అందరికీ చెప్పొచ్చింది. చాప పరిచి, టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి కూర్చున్నాం. ఎవరూ రాలేదు. నన్ను బడికి దీదీ తన స్కూటీ మీద దింపి వెళ్ళేది. ఆ మోటారుసైకిలు పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఆమె వీపుకు మొహం ఆనించి కళ్ళు మూసుకునేదాన్ని. ఆమె వీపు కూడా బిగుసుకుని ఉండేది.

వాటన్నిటికంటే భయంకరమైనది ఇంట్లో జరిగింది. ఆ నెల కరెంటు బిల్లును నాన్న నాకివ్వలేదు. నాలుగిళ్ళవతలికి పట్టుకెళ్ళి ఎవరిచేతో చదివించుకొచ్చాడు.

కార్మిక అధికారి నుంచి మొదటి నోటీసు వచ్చిన రోజు, కవరును ఎడమచేత్తో పట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. దీదీ ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. చివరికి నాముందు పెట్టాడు. "ఏలెట్టి సదువు," అన్నాడు. చదివాను. విచారణ తారీకు, గది నంబరు, కవరు మీది ముద్రలో ఉన్నది కూడా చదివాను.

కేసు నేను పదో తరగతికి వచ్చేదాకా నడిచింది. మేస్త్రి ప్రమాణం చేసి, నాన్న ఇంటి మెట్ల మీదే పడ్డాడన్నాడు. ఎన్ని మెట్లని అధికారి అడిగితే నాలుగైదన్నాడు. దెబ్బ పనిలో తగిలిందేనని చివరికి తేలింది, పరిహారం వచ్చింది. నాన్న కుడిచేతిలోకి పట్టు రాలేదు.

ఇప్పుడు నేను భిలాయిలోనే, నెహ్రూ నగర్‌లో, దీదీ పనిచేసినటువంటి ఒక వకీలు ఆఫీసులోనే పనిచేస్తున్నాను. వచ్చినవాళ్ళ కాగితాలు వాళ్ళ భాషలో వాళ్ళకు చదివి వినిపించడం నా పని. దాదాపు ప్రతి కాగితంలోనూ ఒక వాక్యం ఉంటుంది. మిగతావన్నీ దాని చుట్టూ మర్యాదగా కూర్చుని ఉంటాయి. కిందటి వారం ఒకావిడ వచ్చింది. భర్త ఆసుపత్రిలో ఉన్నాడు. మడతల దగ్గర చిరుగుతున్న కాగితం నాకిచ్చి, "సంతకం ఎట్టేసినాడు. అంతా మంచిగానే రాసినారు కదమ్మా?" అంది. అవునని చెప్తే చాలు, ఆమె ఆ పూటకు నెమ్మదిగా ఇంటికి వెళ్తుంది.

ఆ వాక్యం దగ్గరకు రాగానే నా చూపు ఇప్పటికీ తనంతట తానే కింది వరుసకు జారబోతుంది. పెద్దదాన్నయ్యాను, చట్టం తెలుసు, అయినా జారబోతుంది. దాన్ని ఆపి, ఆ వాక్యం చదివి, తెలుగులో చెప్పాను. ఆమె మొహం నా కళ్ళముందే వాడిపోయింది. నేను తల దించుకోలేదు. ఆమె మళ్ళీ మాట్లాడేదాకా ఆ మొహాన్నే చూస్తూ కూర్చున్నాను.