గోడమీది చెకుముకి తుపాకీ

పోయిన నెల మా అమ్మాయి నన్ను టెక్సస్‌లోని ప్లేనోలో చెవుల పరీక్షకి తీసుకెళ్ళింది. టీవీ సౌండు మరీ పెంచుతున్నాననీ, పిలిస్తే పలకడం లేదనీ ఇంట్లో తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి చేసిన తీర్మానం అది. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, సన్నటి కూతలు వినిపించి, అంతా అయ్యాక పరీక్ష చేసినావిడ కాగితం చూస్తూ నా ఎడమ చెవి కుడి చెవికన్నా బాగా దెబ్బతిందనీ, ఎప్పుడైనా తుపాకులు కాల్చే అలవాటు ఉండేదా అనీ అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి నవ్వేసి, “నో నో, మా నాన్న ప్యూర్ వెజిటేరియన్” అంది. నేను మెల్లగా, అలవాటు ఉండేదనీ, చెకుముకిరాయితో పేలే పాతకాలపు తుపాకీ ఒకటి నాకు సొంతంగా ఉండేదనీ చెప్పాను. మా అమ్మాయి నవ్వు సగంలో ఆగిపోయింది.

కార్లో కూర్చున్నాక కూడా స్టార్ట్ చెయ్యలేదు. “నాన్నా, బాబాయి అమ్మని హ్యాండ్సప్ అన్నాడని చెప్తాడే ఎప్పుడూ, ఆ గన్నా? అది టాయ్ కాదా?” అంది.

అది బొమ్మ తుపాకీ అనే ఇన్నేళ్ళూ అనుకుందిట. పార్కింగ్ లాట్‌లో, ఏసీ వేసుకుని, ముప్ఫై అయిదేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి దానికి చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను.

అప్పట్లో మేం పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. మన తరంలో అమెరికా వచ్చినవాళ్ళందరూ కంప్యూటర్ల ముందే కూర్చోలేదని ఇప్పటి పిల్లలకి చెబితే వింతగా చూస్తారు గానీ, నా మొదటి ఉద్యోగం స్ప్రింగులు తయారుచేసే ఫ్యాక్టరీలో, కొలిమి దగ్గర; ఉక్కుని ఎంత ఎర్రగా కాల్చి ఎలా చల్లారిస్తే విరక్కుండా వంగుతుందో చూడటమే నా పని. పక్కింట్లో ఉండే పెద్దాయన అదే ఫ్యాక్టరీలో పనిముట్లు చేసి రిటైరైనవాడు. భార్య పోయింది, కొడుకు వేరే ఊళ్ళో. ఒకరోజు సాయంత్రం అరచేతిలో రెండు ముక్కలైన చిన్న స్ప్రింగు పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. అలాంటిదే ఒకటి నాలుగోసారి విరిగిందనీ, వయసు మీదపడి కంటికి రంగులు తెలియక సరిగ్గా కాల్చలేకపోతున్నాననీ చెప్పి, అదేదో నేరం ఒప్పుకుంటున్నట్టు తల వంచుకున్నాడు. మర్నాడు కొలిమిలో పదునుపెట్టి తెచ్చిచ్చాను. దాన్ని బిగింపులో పెట్టి ఓ యాభైసార్లు నొక్కి వదిలి చూసి, అప్పుడు తన గరాజ్ తలుపు తీసి చూపించాడు, అక్కడ తుపాకీ తయారవుతోందని.

నేను చూసిన తుపాకులు అంతకుముందు రెండే రెండు రకాలు: మా ఊరి బ్యాంకు గార్డు భుజాన ఉండేది, సినిమాల్లో ఉండేది. ఇది ఆ రెండూ కాదు. సన్నగా, పొడుగ్గా, నిలబెడితే నా గడ్డం దాకా వచ్చేది. మేపుల్ దుంగని ఉలితో చెక్కుతూ చెక్కుతూ అందులోంచి దాన్ని బయటికి తీస్తున్నట్టుండేది ఆయన పని. పాలిపోయిన ఆ కర్రకి ఇనుము కరిగించిన ఆమ్లం పూస్తే ముందు బూజు పట్టినట్టు ఆకుపచ్చగా మారింది, నాకు అయ్యో అనిపించింది. సెగ చూపించేసరికి ఎర్రటి చింతగింజ రంగు తిరిగి, లోపల దాగి ఉన్న పులిచారలు పైకి తేలాయి. ఏడాదిన్నరపాటు శనివారాలు అక్కడే గడిపాను. పక్కన అతికించే వెండి రేకు మీద ఏం చెక్కమంటావని ఒకసారి అడిగితే, నోటికొచ్చినట్టు మా ఆవిడ చీర అంచులోని మామిడి పిందెని గీసి ఇచ్చాను. ఎందుకు అడిగాడో అప్పుడూ తట్టలేదు నాకు. అది పూర్తయిన రోజున పాత దుప్పట్లో చుట్టి తెచ్చి నా చేతుల్లో పెట్టి, “ఇది నీదే. స్ప్రింగులు చేసినవాడిదే తుపాకీ” అన్నాడు. థాంక్స్ చెప్పడం కూడా మర్చిపోయి అలా నిలబడిపోయాను.

మా ఆవిడ మాత్రం చూడగానే, “పప్పన్నం తినే ఇంట్లో తుపాకీ ఏమిటండీ!” అని గొడవ పెట్టుకుంది. వెండి రేకు మీద తన చీర అంచు చూశాక కాస్త మెత్తబడింది. దసరాకి పసుపూ కుంకుమా కూడా పెట్టింది. హాల్లో గోడకి రెండు మేకులు కొట్టి, గడియారం పెట్టుకున్నట్టు దాన్ని పెట్టుకున్నాం. పాతకాలపు ఆయుధం కాబట్టి కాగితాలేవీ అక్కర్లేదని పెద్దాయన చెప్పాడు.

దాన్ని పేల్చే పద్ధతి కాస్త చెప్పాలి. గొట్టం మూతిలోంచి తుపాకీమందు పోసి, నూనె గుడ్డలో చుట్టిన సీసపు గుండుని పొడుగాటి కర్రతో అడుగుదాకా దట్టించాలి. వెనకవైపు గొట్టానికి సన్నటి రంధ్రం, దాని పక్కనే బొటనవేలంత పళ్ళెం. ఆ పళ్ళెంలో చిటికెడు మందు వేసి ట్రిగ్గర్ నొక్కితే, చెకుముకిరాయి ఉక్కు పలకని గీరి నిప్పురవ్వలు రాలుస్తుంది; పళ్ళెంలో మందు అంటుకుని, ఆ నిప్పు రంధ్రంలోంచి లోపలికి పోయి, తుపాకీ పేలుతుంది. ఊరిబయట ఓ మైదానంలో అట్ట ముక్కల మీద కాల్చేవాళ్ళం. ప్రాణి జోలికి ఏనాడూ పోలేదు. ఆ పొగ వాసన, భుజం మీద ఆ తోపు, ఎంతో ఇష్టంగా ఉండేవని ఒప్పుకోవాలి.

ఆకులు రంగులు తిరుగుతున్న ఒక శనివారం, ఆఖరి గుండు దట్టించి పళ్ళెంలో మందు వేసేలోపు వాన మొదలైంది. అదే సమయానికి పెద్దాయన గుండె పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. తుపాకీని దుప్పట్లో చుట్టి వెనక సీట్లో పడేసి, ఆయన్ని ముందు కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి ఎలా డ్రైవ్ చేశానో నాకే తెలీదు. గండం గడిచింది. నెలపైన కొడుకు దగ్గర ఉండి వస్తానని వెళ్ళాడు. నేను ఆ సాయంత్రమే తుపాకీని తీసి, శుభ్రం కూడా చెయ్యకుండా, గోడకి తగిలించేశాను.

ఆ తర్వాత మా అమ్మాయి నాలుగో పుట్టినరోజు వచ్చింది. న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో నుంచి మా తోడల్లుడి కుటుంబం, ఇంకో రెండు కుటుంబాలు వచ్చాయి. కేకు కోశాక, పిల్లలు అదేమిటని అడిగితే, నేనే గొప్ప కోసం దాన్ని కిందికి దించి, నిప్పురవ్వలు చూపిస్తానని గోడవైపు తిప్పి ట్రిగ్గర్ నొక్కాను. పళ్ళెంలో మందు లేదు కాబట్టి ఖాళీ తుపాకీయే అనుకున్నాను. రవ్వలు జలజలా రాలాయి. పిల్లలు చప్పట్లు కొట్టి, మళ్ళీ, మళ్ళీ అన్నారు. మా తోడల్లుడు సరదా మనిషి, నా చేతిలోంచి అందుకుని, వంటింటి గుమ్మంలోంచి పులిహోర గిన్నెతో వస్తున్న మా ఆవిడకి గురిపెట్టి, “వదినా, హ్యాండ్సప్!” అన్నాడు. ఆవిడ నవ్వుతూ గిన్నెని నెత్తికి ఎత్తింది. మా అమ్మాయి వాళ్ళమ్మ కొంగు పట్టుకుని ఉంది. అతను ట్రిగ్గర్ నొక్కాడు. మళ్ళీ రవ్వలు రాలాయి. అందరం పగలబడి నవ్వాం. నేనే అందరికంటే గట్టిగా నవ్వాను.

నాలుగు రోజుల తర్వాత పెద్దాయన ఊరినుంచి వచ్చి మా ఇంటికి వచ్చాడు. వస్తూనే గోడమీది తుపాకీ తీసి, పట్టిన మసి చూసి మొహం చిట్లించాడు. సన్నటి తీగ తీసి ఆ రంధ్రంలో గుచ్చితే వెళ్ళలేదు. తడిసిన మసి తుప్పుతో కలిసి రాయిలా గట్టిపడి దాన్ని పూర్తిగా మూసేసింది. కసురుకుంటూనే, అలవాటు కొద్దీ, దట్టించే కర్రని గొట్టంలోకి జారవిడిచాడు. ఖాళీ గొట్టమైతే టంగుమని అడుక్కి తగలాలి. తగల్లేదు. మొద్దు చప్పుడుతో, అడుగుకి మూడు వేళ్ళ ఎడంలోనే ఆగిపోయింది. ఆయన దాన్ని పైకి తీసి మళ్ళీ జారవిడిచాడు. మళ్ళీ అంతే.

“లోపల గుండుంది” అన్నాడు.

పుట్టినరోజు సంగతి చెప్పాను. ఎవరివైపు పెట్టి నొక్కారని అడిగాడు. నేను వంటింటి గుమ్మంవైపు చెయ్యి చూపించాను. ఆ చెయ్యి దించకముందే ఆ గుమ్మంలోంచే మా ఆవిడ రెండు కాఫీ కప్పులతో వచ్చి, మా మొహాలు చూసి, “ఏమైందండీ?” అంది.

“స్ప్రింగు విరిగింది. రిపేరుకి ఇస్తున్నాను” అన్నాను.

పెద్దాయనకి తెలుగు రాదు. అయినా నావైపు ఒక చూపు చూశాడు.

ఆయన గరాజ్‌లో, మర కొన ఉన్న కడ్డీని గుండులోకి తిప్పి, గొట్టాన్ని బిగింపులో పెట్టి ఇద్దరం లాగాం. గుండు కీచుమంటూ బయటికొచ్చింది. వెనక మందు తడిసి ముద్దయి ఉంటుందని నా ఆశ. పొడిగా, ఆవగింజల్లా రాలింది. ఆయన అందులో చిటికెడు తీసుకుని బయట సిమెంటు మీద పోసి అగ్గిపుల్ల గీశాడు. భగ్గుమంది. పళ్ళెంలో మందు లేకపోయినా, ఆ రంధ్రం తెరిచి ఉంటే ఒక్క రవ్వ లోపలికి పోయినా పేలేదని చెప్పాడు. నా కూతురికీ భార్యకీ చావుకీ మధ్య అడ్డం నిలిచింది నా బద్ధకం వల్ల పట్టిన గోరంత మసి.

నీ భార్యకి చెప్పాలన్నాడు పెద్దాయన. రేపు చెబుతానన్నాను. ఆ రేపు రాలేదు. వేసవిలోపే టెక్సస్‌లో ఉద్యోగం దొరికి వచ్చేశాం. తుపాకీ ఆయన దగ్గరే వదిలేశాను. ఆయన పోయాక ఆ ఊరి క్లబ్బులో అద్దాల పెట్టెలో పెట్టారని ఉత్తరం వచ్చింది. మా తోడల్లుడు మాత్రం ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి గృహప్రవేశంలోనూ ఆ హ్యాండ్సప్ కథ చెబుతూనే ఉన్నాడు, అందరూ నవ్వుతూనే ఉన్నారు, నేనూ నవ్వుతూనే ఉన్నాను.

అంతా విని మా అమ్మాయి కారు గేరులో వెయ్యబోయి ఆగింది. “అమ్మకి తెలీదా? నువ్వు చెప్పాలి నాన్నా. టుడే” అంది.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర గోరుచిక్కుళ్ళు వలుస్తోంది. ఎదురుగా కూర్చుని, మొదట్నుంచీ చెప్పాను. ఆవిడ చేతులు ఆగలేదు. నేను ముగించాక ఇంకో రెండు కాయలు వలిచి, “నాకు తెలుసు” అంది.

ఆ వారంలోనే, నేను ఫ్యాక్టరీకి వెళ్ళాక, పెద్దాయన వచ్చాడట. “టోపీ చేతిలో పట్టుకుని గుమ్మం బయటే నుంచున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. నా ఇంగ్లీషుకి సగమే అర్థమైంది, మిగతాది చేతులతో చూపించాడు. తప్పు నాది, తుపాకీ ఇచ్చింది నేను, ఆయన్నేమీ అనొద్దు అన్నాడు. ఏడ్చాడండీ పాపం.”

మరి నన్నెందుకు అడగలేదన్నాను.

“రిపేరుకిచ్చిన తుపాకీ ఎప్పుడొస్తుందని ఒక్కసారైనా అడిగానా మిమ్మల్ని?” అంది. “మీరే చెబుతారని చూశాను. తర్వాత కోపమొచ్చింది. ఆ చలికాలమంతా పాపని మీ దగ్గర వదిలి నేను బజారుకి కూడా వెళ్ళలేదు, గమనించారా?”

గమనించలేదు. చలికి తల్లీకూతుళ్ళు ఒకరినొకరు వదలడం లేదనుకున్నాను. తుపాకీలో గుండు బయటపడ్డ రోజున కూడా నా ఒళ్ళు ఇంతగా చల్లబడలేదు.

“తర్వాత్తర్వాత అలవాటైపోయింది లెండి” అని, గిన్నె పట్టుకుని లేచింది. వంటింట్లోకి వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, “మా చెల్లెలి మొగుడికి మాత్రం చెప్పకండి. నన్ను చూడ్డానికి మొహం చెల్లక మన ఇంటికి రావడమే మానేస్తాడు” అంది.

ఇప్పుడు మా మనవరాలి బళ్ళో, తుపాకీ పట్టుకుని ఎవరైనా వస్తే లైట్లార్పి గోడవార నోరెత్తకుండా ఎలా కూర్చోవాలో నేర్పిస్తారు. ఆడుకోవడానికి పిల్లని పంపేముందు, వాళ్ళ ఇంట్లో గన్ ఉందేమో కనుక్కో అని మా అమ్మాయి అల్లుడికి గుర్తుచేస్తుంది. అడగటంలో తప్పూ లేదు, చెప్పడంలో సిగ్గూ లేదు వాళ్ళకి. మన తరం ఇళ్ళల్లో అడగటమూ ఉండేది కాదు, చెప్పడమూ ఉండేది కాదు. దాన్ని మర్యాద అనుకున్నాం, ప్రేమ అని కూడా అనుకున్నాం. తనది కాని తప్పు ఒప్పుకోవడానికి గుండెజబ్బుతో పక్కింటి గుమ్మం దాకా నడిచి వచ్చాడు ఆ పెద్దాయన. అదే గుమ్మంలోంచి రోజూ లోపలికీ బయటికీ తిరిగిన నాకు ఆ పని చేతకాలేదు. వచ్చే నెల ప్లెయిన్స్‌బరోలో మా తోడల్లుడి షష్టిపూర్తి. అతను ఆ కథ చెప్పకుండా ఉండడు. ఇన్నేళ్ళూ హాల్లో చెరో మూలా కూర్చుని, ఎవరి భయంతో వాళ్ళం విడివిడిగా నవ్వాం. ఈసారి మా ఆవిడ పక్కనే కూర్చుంటాను.