ఉమ్మడి గోడకు గుడ్ల అట్టలు

చదువుకున్నవాళ్లకు తెలియనిదంటూ ఉండదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. ఉద్యోగాలు ఆఫీసులు వదిలి ఇళ్లలోకి వచ్చి కూర్చున్న కాలంలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. తిరుపతిలో మా పాత మిద్దె ఇంట్లో, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఫ్రిజ్‌లు చెడిపోయినవాళ్లకు ధైర్యం చెప్పడం నా పని. (ఫ్రిజ్ లోపల ఏముంటుందో నాకూ తెలియదు. పెరుగు ఉంటుందని మాత్రం తెలుసు.) మాకూ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. అటువైపు కేకలత్త. ఆ పేరు మేం పెట్టిందే. పాకాలలోని చెల్లెలితో ఆమె ఫోన్‌లో మాట్లాడుతుంటే, మధ్యలో ఆ ఫోన్ ఎందుకో మాకు అర్థమయ్యేది కాదు.

"మేడమ్, మీ ఎనకాల ఎవరో కొట్టుకుంటా ఉండారు" అన్నాడొక కస్టమర్. ఇంకొకాయన వంకాయ పులుసు చేసే విధానమంతా విని, ఫ్రిజ్ సంగతి మరిచిపోయి ఫోన్ పెట్టేశాడు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే నన్ను పర్మనెంట్ చేయడం కుదరదని సూపర్‌వైజర్ తేల్చి చెప్పేసింది.

"పోయి మెల్లింగా మాట్లాడమంటే అయిపాయ గదమ్మా" అన్నాడు నాయన.

"అట్లాంటోళ్లకు చెప్తే అర్థం కాదు నాయనా. దీనికి సైన్సుండాది" అన్నాను. సైన్సంటే యూట్యూబ్. గోడకు గుడ్ల అట్టలు అంటిస్తే చప్పుడు చచ్చిపోతుందని అందులో ఒక గడ్డమాయన ప్రమాణం చేశాడు. కోడిగుడ్ల అంగడిలో యాభై అట్టలు అడిగి తెచ్చి, మైదా ఉడకేసి, ఆదివారమంతా అంటించాను. నేను కట్టలు మోసుకొస్తుంటే కేకలత్త గుమ్మంలోంచి చూసి, "ఇన్ని గుడ్లు తింటే ఒళ్లు ఏడి చేస్తాది పాపా" అంది. (నవ్వి ఊరుకున్నాను. లోపలికొచ్చాక ఆమె తెలివి గురించి నాయనకు వివరంగా చెప్పాను.)

సోమవారానికి మైదా కోసం చీమలు వచ్చాయి. కేకలు మాత్రం ఎక్కడికీ పోలేదు. మన గదిలో మన గొంతు మోగకుండా చేయడం వేరు, పక్కింటి గొంతు గోడ దాటకుండా చేయడం వేరు. ఆ ముక్క గడ్డమాయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ రోజే సత్యవేడు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. సూపర్‌వైజర్ లైన్‌లో ఉండి వింటోంది. ఫ్రిజ్‌లో కూరగాయల డబ్బా కింద నీళ్లు నిలుస్తున్నాయట. నేను కంపెనీ ఇచ్చిన కాగితం చూసి చదివాను: "సార్, దయచేసి శీతల విభాగంలోని నీటి నిష్క్రమణ మార్గాన్ని పరిశీలించండి."

"ఏం మార్గం?"

"నిష్క్రమణ మార్గం సార్."

"యాడుండాదమ్మా అది?"

నాకేం తెలుసు? అదే ముక్క ఇంకాస్త గట్టిగా చదివాను. మూడోసారికి గోడ బద్దలైంది.

"బొక్క అని చెప్పు పాపా, బొక్క! లోపల ఎనకపక్క కింద సిన్న బొక్కుంటాది. కొత్తిమీర కాడ ఇరుక్కోనుంటాది దాంట్లో. కరెంటు తీసేసి సీపురుపుల్లతో మెల్లింగా తియ్యమను!"

సత్యవేడాయన నేరుగా విన్నాడు. కాసేపటికి, "వచ్చింది, కాడ వచ్చింది! నీళ్లు పోతా ఉండాయి. ఆ పెద్ద మేడమ్‌కు నమస్కారం చెప్పమ్మా" అన్నాడు. సూపర్‌వైజర్ దీన్ని ఫిర్యాదు కింద రాసుకోలేదు. "నువ్వు అలా మాట్లాడటం ఎప్పుడు నేర్చుకుంటావు?" అని మాత్రం అడిగింది.

నేర్చుకున్నాను. కాగితం పక్కన పడేసి, తడబడినప్పుడల్లా గోడ అందించిన మాటలే కస్టమర్లకు అప్పజెప్పాను. రెండు నెలల్లో పర్మనెంట్ చేశారు. "అంతా నా తెలివే నాయనా! ఒక్కరన్నా సాయం చేసినారా నాకు?" అని ఇల్లంతా గంతులేశాను.

సాయంత్రం మైసూర్‌పాక్ పెట్టె పట్టుకుని పక్కింటికి వెళ్లాను. "అత్తా, నా ఉద్యోగం..." అన్నానో లేదో, "తెల్సులే పాపా, మీ నాయనకు చెప్తా ఉంటే ఇన్నా" అంటూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. తర్వాత చాలా మెల్లిగా, "అంతా నీ తెలివే అంటివి గదా, అది గూడా ఇన్నా" అంది.

ఆ పెట్టె పట్టుకుని నిలబడిపోయిన పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. దగ్గరికి లాక్కుని ఒక మొట్టికాయ వేయాలని కూడా ఉంటుంది.