తోమిన వెండి డాలరు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి ఒక రకం ధైర్యం ఉంటుంది. అది తెలివి వల్ల వచ్చింది కాదు, ఇంకా దెబ్బలు తగలకపోవడం వల్ల వచ్చింది. డాలస్ పక్కన కాపెల్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చేరిన కొత్తలో నాకు ఆ ధైర్యం నిండుగా ఉండేది. టెస్టర్ పనంటే మరేం లేదు, ఎవరో కష్టపడి రాసిన ప్రోగ్రాములో తప్పులు వెదికి, నవ్వుతూ వాళ్ళకే చూపించడం. రోజంతా అదే పని చేసేసరికి ఇంటికొచ్చాక కూడా ఆ జబ్బు వదిలేది కాదు. పాలు విరిగాయేమో, తలుపు తాళం పడిందో లేదో, హోటల్లో తెచ్చిన ఇడ్లీ నిన్నటిదేమో, అన్నీ నేనే తేల్చాలి. (నా రూమ్మేట్ నన్ను ‘ఇనస్పెక్టరమ్మా’ అని పిలిచేది. అది పొగడ్త అనుకునేదాన్ని.)

నేను ఆ ఊపులో ఉండగా మా పిన్ని ఒక సంబంధం తెచ్చింది. పిన్ని కూడా కాపెల్‌లోనే, మా అపార్ట్‌మెంటుకి దగ్గర్లో ఉండేది. అబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగినవాడు, ఫ్రిస్కోలో అమ్మానాన్నలతో ఉంటున్నాడు. "అబ్బాయి సంగతి తరవాత. ముందు వాళ్ళ నాన్నగారిని మెప్పించు. ఆయనకి పాత నాణేల పిచ్చిట. ఉత్తచేతులతో వెళ్తే ఏం బావుంటుంది? ఒక వెండి నాణెం కొని పట్టుకెళ్దాం. ఆన్‌లైన్‌లో దొరుకుతాయిట కదే!" అంది.

దొరకడమా! ఫోను తెరిస్తే చాలు, పాత వెండి డాలర్లు వరదలా వచ్చిపడ్డాయి. వాటిలో ఒకటి నా కంటికి ఆనింది. పువ్వుల దుప్పటి మీద పెట్టి తీసిన మసక ఫొటో. కింద ‘మా తాతగారి సొరుగులో దొరికింది, నాకు నాణేల గురించి ఏమీ తెలియదు’ అని రాసుంది. పాపం అమాయకుడు అనుకుని కొనేశాను. (ఆన్‌లైన్‌లో నాణేలు అమ్మేవాళ్ళందరికీ ఒక తాతగారూ, ఆ తాతగారికి ఒక సొరుగూ ఉంటాయని నాకు తరవాత తెలిసింది.) కొన్నాక అనుమానం పట్టుకుంది. నకిలీదైతే? ఇక వీడియోల మీద పడ్డాను. వెండి నాణేన్ని ఎలా పరీక్షించాలో చెప్పేవాళ్ళు ప్రపంచంలో ఎంతమంది ఉన్నారో! తూకం సరిపోవాలి. గట్టిగా ఉన్న చోట మెల్లగా పడేస్తే గుడిగంటలా సన్నగా, సాగుతూ మోగాలి. దానిమీద మంచుముక్క పెడితే ఇట్టే కరిగిపోవాలి. అన్నిటికంటే ముఖ్యం, అయస్కాంతానికి అంటుకోకూడదు.

నాణెం రాగానే వంటింట్లో లాబొరేటరీ తెరిచాను. పప్పులు తూచే చిన్న త్రాసు మీద పెట్టాను, సరిపోయింది. గ్రానైటు గట్టు మీద పడేస్తే ఖంగుమని మోగింది. మా రూమ్మేట్ చిన్నప్పుడు సంగీతం నేర్చుకుందిలెండి, కళ్ళు మూసుకుని విని "శ్రుతిలోనే ఉంది" అని తీర్పు చెప్పింది. మంచు కరిగింది. ఫ్రిజ్ తలుపుకున్న కౌబాయ్ బూటు ఆకారపు అయస్కాంతాన్ని పీకి దగ్గర పెడితే నాణెం ఉలకలేదు, పలకలేదు. అసలైన వెండి! నా తెలివికి నేనే మురిసిపోయి ఆ బూటుని హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను, దారిలో ఎక్కడ ఏ వెండి ఎదురవుతుందోనని.

ఒక్కటే లోపం. నాణెం నల్లగా ఉంది. అంచుల వెంట నీలమూ, ఊదా, కాస్త తేనెరంగూ కలిసి, వానవెలిసిన రోడ్డు మీద నూనెమరకలా ఉంది. పిన్ని చూసి ముక్కు మీద వేలేసుకుంది. "ఈ మసి నాణేన్ని పెళ్ళిచూపులకి పట్టుకెళ్తావా? మన గురించి ఏమనుకుంటారే!" అని, నా చేతిలోంచి లాక్కుని, చింతపండు నానబెట్టి, విభూతి అద్ది, దేవుడి కుందులు తోమినట్టు తోమింది. నేను పక్కన నిలబడి "ఆ మూల ఇంకా కొంచెం నలుపుంది పిన్నీ" అని చూపిస్తూ వచ్చాను. పని పూర్తయ్యేసరికి ఆ నాణెంలో మా ఇద్దరి మొహాలూ కనిపించాయి.

శనివారం నేను పట్టుచీర కట్టుకుని, పిన్నితో ఫ్రిస్కో వెళ్ళాను. పెద్ద ఇల్లు, హాల్లో అంకుల్, ఆంటీ, ఎదురు సోఫాలో అబ్బాయి. మంచివాడిలాగే కనిపించాడు. "మీరు... డ్రైవ్ బావుంది?" అని అడిగాడు. బాగానే జరిగిందన్నాను. మా మధ్య మాటలు అక్కడితో అయిపోయాయి. ఇంతలో పిన్ని మోచేత్తో పొడిచింది. నేను వెల్వెట్ డబ్బా తీసి అంకుల్ చేతికిచ్చాను.

ఆయన మొహం వెలిగింది. డబ్బా తెరిచారు. ఆ వెలుగు అలాగే ఆరిపోయింది. లోపలి గదిలోకి వెళ్ళి భూతద్దం తెచ్చుకుని, నాణేన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పారు. డాక్టరు ఎక్స్‌రే చూసి మాట్లాడకుండా ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంది మా పరిస్థితి.

"ఎవరమ్మా దీన్ని తోమింది?" అన్నారు చివరికి.

"మేమే అన్నయ్యగారూ! చింతపండుతో. ఎంత నల్లగా ఉందో తెలుసా!" అంది పిన్ని, మెచ్చుకుంటారని.

అంకుల్ కళ్ళు మూసుకున్నారు. "అది మురికి కాదమ్మా. వెండికి వయసు మీద పట్టే రంగు. ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది అలా రావడానికి. కొనేవాళ్ళు దానికే విలువ కడతారు. తోమితే పై పొర గీసుకుపోతుంది, ఇదిగో, ఈ గీతలు చూడు. ఇప్పుడిది ఉత్త వెండి, అంతే. నాణెంగా దీని పనైపోయింది."

పిన్ని నావైపు చూసింది. నేను కార్పెట్ వైపు చూశాను. ఆయనకి జాలేసినట్టుంది. "పర్లేదులే, తెలియక చేశారు. అసలు నాణెం ఎలా ఉండాలో చూపిస్తా రా" అని, ప్లాస్టిక్ పెట్టెలో భద్రంగా దాచుకున్న డాలరు ఒకటి తెచ్చారు. ఆన్‌లైన్ వేలంలో ఎవరితోనో పోటీపడి గెలిచారట. అచ్చం మేం తోమకముందు మాదానిలాగే నల్లగా, అంచుల్లో నీలంగా, అందంగా ఉంది. పెట్టెలోంచి తీసి నా అరచేతిలో పెట్టారు. "అసలుదో కాదో తెలుసుకోవడానికి నువ్వేమేం చేశావు?" అని అడిగారు. తూకం, మోత, మంచు, అన్నీ గడగడా అప్పజెప్పాను. ఆయన తల ఊపుతుంటే నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఇంకా అయస్కాంతం అంకుల్, ఇలా..." అంటూ బ్యాగులోంచి బూటు తీశాను. నిజంగా చెబుతున్నాను, ఎలా చేయాలో చూపించడమే నా ఉద్దేశం. చేతిలో ఉన్నది ఆయన నాణెమన్న సంగతే ధ్యాసలో లేదు.

టక్!

నాణెం నా అరచేతిలోంచి ఎగిరి బూటుకి కరుచుకుంది.

అంకుల్ నాణేన్ని పీకి మళ్ళీ పెట్టారు. మళ్ళీ టక్. "మా అయస్కాంతం అంత మంచిది కాదండీ, అన్నిటికీ అంటుకుంటుంది" అంది పిన్ని. అప్పటిదాకా బుద్ధిగా కూర్చున్న అబ్బాయి, "డాడ్, అది... అది ఐరన్ ఉంది!" అని పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. ఆంటీ కొంగు నోట్లో కుక్కుకుని "దానికోసం బ్యాంకులో లాకరు తీసుకుంటానన్నారు కదండీ!" అంది. అంకుల్ మాత్రం నాణేన్నీ భూతద్దాన్నీ తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. మేం గారెలు తిన్నాం.

తిరుగుదారిలో హైవే ఎక్కాక, "సంబంధాలు జాతకాలు కుదరక తప్పిపోవడం చూశాను, కట్నాల దగ్గర తప్పిపోవడం చూశాను. ఇదేం ఖర్మే తల్లీ!" అంది పిన్ని. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ పెద్దాయన మొహమే కళ్ళముందు కదులుతోంది. ఆఫీసులో ఎన్ని తప్పులు పట్టుకున్నా అవతలి మనిషి మొహం చూసే అవసరం రాలేదు నాకెప్పుడూ.

ఆ తరవాతి వారం మధ్యలో ఫోనొచ్చింది. అంకులే.

"ఏమ్మా, ఈ శనివారం ఖాళీయేనా?"

"ఖాళీయే అంకుల్. ఆ రోజు జరిగినదానికి సారీ..."

"సారీ ఎందుకు? ఆ బూటు పట్టుకుని ఒక్కసారి రా. నా దగ్గర ఇంకా రెండు డబ్బాల నాణేలున్నాయి. ఒక్కణ్ణే చూసుకోవాలంటే భయంగా ఉంది."

వెళ్ళాను. గరాజ్‌లో మడతబల్ల వేసుకుని ఆయన ఒక్కో నాణెం తీయడం, నేను అయస్కాంతం పెట్టడం, ఏమీ కాకపోతే ఇద్దరం ఊపిరి వదలడం. అబ్బాయి వాకిలి దగ్గర నిలబడి క్రికెట్ మ్యాచ్‌లా కామెంటరీ చెప్పాడు. ఆంటీ టీ తెచ్చి, ఒక్కటి కూడా అంటుకోలేదని తెలిసి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. మిగతావన్నీ వెండివే! అంకుల్ ఆ రోజు నన్ను ఉత్తచేతులతో పంపలేదు. ఫొటోలో నీడ ఎటు పడుతోందో చూడడం, అక్షరాల అంచులు వాడకంలో అరిగాయో, నకిలీ అచ్చులో కరిగాయో పోల్చడం, ‘చాలా అరుదు’ అని రాసిన ప్రతివాణ్ణీ అనుమానించడం, అన్నీ నేర్పారు.

ఇక సంబంధం సంగతి. అది కుదరలేదు. అబ్బాయి ఒకరోజు నాకే ఫోన్ చేసి, "మీరు మా డాడ్‌కి ఫ్రెండ్ అయ్యారు. ఇప్పుడు పెళ్ళి అంటే నాకు వియర్డ్‌గా ఉంది" అన్నాడు. నాకూ అలాగే ఉందని చెప్పేసరికి ఇద్దరికీ హాయిగా అనిపించింది. పిన్ని మాత్రం నెలరోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇప్పుడు నాకు పెళ్ళయింది, పిల్లలున్నారు, కాస్త లోకజ్ఞానం కూడా వచ్చింది. ఫొటో చూడగానే నాణెం మంచిచెడ్డలు చాలావరకు చెప్పగలను. పరాయి ఇంట్లో ఎవరైనా తాము మురిసిపోయే వస్తువు నా చేతిలో పెడితే, అనుమానం వచ్చినా సరే, "చాలా బావుందండీ" అని నవ్వి, జాగ్రత్తగా తిరిగి ఇచ్చేస్తాను. అందరూ నన్ను మర్యాదస్తురాలంటారు. ఆ మధ్య ఎవరింట్లోనో అలాగే నవ్వి, తిరిగొస్తూ కారు అద్దంలో మొహం చూసుకుంటే, పట్టుచీర కట్టుకుని ముందూ వెనకా చూసుకోని ఆ పిల్ల గుర్తొచ్చింది. దానికి బొత్తిగా తెలివి లేదు. కానీ ఇంత మర్యాద నేర్చుకున్నాక నన్నెవరూ మళ్ళీ గరాజ్‌లోకి పిలిచి, భయంగా ఉంది, పక్కన కూర్చోమ్మా అనలేదు.