కళ్లు తీర్చే వారం

ఆళ్లగడ్డ నుంచి పొద్దున మొదటి బస్సులో వచ్చిన మనిషి గడపలోనే నిలబడి చెప్పాడు. "మీ మామ పోయినాడమ్మా. ఊపిరి అందల్యా." ఇంకా నెల తిరగలేదు.

మామ మా అమ్మకు తమ్ముడు. దేవుడి విగ్రహాలు చెక్కేవాడు. నా పెళ్లికి ఆయన చెక్కిచ్చిన రోట్లోనే ఇప్పటికీ పచ్చడి నూరుతున్నాను. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది ఆయనకు ఆయాసం పట్టుకుంది. చిన్నప్పటి నుంచి మింగిన రాతిదుమ్ము ఊరికే పోతుందా? నంద్యాలలో డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే దిగేవాడు. బస్టాండు నుంచి వస్తూ, ఆయాసం ఎవరికీ తెలియకూడదని, అంగళ్ల బోర్డులు చదువుతున్నట్టు ఆగి ఆగి నడిచేవాడు. ఆయనకు చదువు రాదు. అప్పట్లో నాకు నవ్వొచ్చేది.

మాత్రలు వేసుకున్నన్నాళ్లు మనిషి హాయిగా ఉండేవాడు. ఉగ్గాని పెడితే మారు అడిగి తినేవాడు. కాఫీ గ్లాసు మాత్రం రెండు చేతులా పట్టుకునేవాడు. వెచ్చదనం కోసమనుకున్నాను. విగ్రహం ఎప్పుడిస్తావని ఎవరైనా తొందరపెడితే, "దేవునికే తొందర లేదు, నీకేందప్పా?" అనేవాడు.

అంతలోనే మాత్రలు మానేసేవాడు. మళ్లీ ఆయాసం, మళ్లీ నంద్యాల బస్సు. "చెప్పిన మాట వినకపోతే నేనేం చేసేది పెద్దాయనా?" అని డాక్టరు విసుక్కుంటే తల వంచుకుని వినేవాడు. "మొండి మనిషి. ఆ రాయే నయం" అని అత్త నా దగ్గర వాపోయేది. మందులంటే నిర్లక్ష్యమని మేమంతా తీర్మానించేసుకున్నాం.

విగ్రహానికి కళ్లు అన్నిటికన్నా చివర తీరుస్తారు. ఆ వారం మామ ఒంటిపూట తినేవాడు, విగ్రహాలు చెక్కే కొట్టంలోకి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. "ముక్కు చెడితే సరిజేసుకోవచ్చు. కన్ను చెడితే రాయి పారేయాల్సిందే" అనేవాడు. ఆయన మాత్రలు మానేసేది సరిగ్గా ఆ వారమేనని మాకెవరికీ తట్టలేదు.

ఆఖరిసారి నేను ఆళ్లగడ్డ వెళ్లేసరికి కొత్తపల్లె వాళ్ల ఆంజనేయస్వామి కొట్టంలో నిలబడి ఉన్నాడు. కళ్లు తప్ప అంతా అయింది. మామ గోడకు ఆనుకుని రొప్పుతున్నాడు. మాత్రల పొట్లం గూట్లో విప్పకుండానే ఉంది.

"ఏం మామా, చావాలనుందా?" అని కేకలేశాను.

"అరవాకు పాపా. అవి ఏస్కుంటే ఊపిరి బాగుంటాది, చెయ్యి వణుకుతాది. వణికే చేత్తో కన్నెట్ల తీర్చేది?"

"ఆ మాట డాక్టరుతో చెప్పొచ్చు కదా!"

"ఆడ మనూరోళ్లు ఎంతమంది కూచోనుంటారో నీకు తెల్దా? నా చెయ్యి వణుకుతాందని ఒకని చెవిన బడినా, రేపు నాకు పనెవడిస్తాడు?" కాసేపు ఊపిరి కూడదీసుకుని, "ఈ కండ్లు కానీ. మళ్ల నువ్వే చెప్దువులే" అన్నాడు.

కళ్లయ్యాయి. స్వామిని బండికెక్కించి పంపిన వారంలోనే మామ వెళ్లిపోయాడు.

కర్మలు ముగిశాక డాక్టరు దగ్గరికి వెళ్లాను. చెప్పమన్నది నన్నే కదా. అంతా విని ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "వణుకు ఆ మాత్ర వల్లేనమ్మా. ఒక్క మాట చెప్పుంటే తగ్గించి ఇచ్చేవాణ్ణి. నోటితో పీల్చే మందు కూడా ఉంది, దానికి చెయ్యి అంతగా వణకదు" అన్నాడు. నాకు ఏడుపాగలేదు. ఎందుకు మానేశావని మామను అందరం తిట్టాం. తిట్టడమే గాని, జవాబు కోసం ఆగినవాళ్లు లేరు.

నిన్న కొత్తపల్లె వెళ్లాను. హారతి వెలుగు స్వామి ముఖం మీద పడింది. "నన్నే చూస్తాండాడు" అంటూ పక్కనున్న ముసలామె చెంపలేసుకుంది. నేను రెప్పల గీతలు చూస్తూ నిలబడ్డాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా వణుకు లేదు.